కార్డు తీసేసే ముందు మనిషిని అడగండి: పౌరసరఫరాల, ఐటీ శాఖల అధికారులకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పౌరసరఫరాల శాఖ, ఐటీ శాఖ ఉన్నతాధికారులకు,
ఈ వ్యవస్థలను తయారుచేసే తోటి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు,

నమస్కారం.

ఏళ్ల తరబడి ఆగిపోయిన కొత్త రేషన్ కార్డులను 2025లో ఇచ్చారు. ఆ ఏడాది ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. రెండూ మంచి పనులు. అందుకు ధన్యవాదాలు చెప్పి నేరుగా విషయానికి వస్తాను.

నేను హైదరాబాద్‌లో డేటా ఇంజినీరుని. వేర్వేరు చోట్ల ఉన్న రికార్డుల్లో ఒకే మనిషివి ఏవో కనిపెట్టి కలపడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో కొందరు మిత్రులతో కలిసి బస్తీల్లో దరఖాస్తులు నింపడానికి సాయం చేస్తుంటాను. రేషన్ కార్డు రద్దయినవాళ్ల తరఫున ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. మళ్లీ వెళ్లి గుర్తుచేశాం. రసీదు చేతికొచ్చింది, సమాధానం రాలేదు. ఎందుకు తీసేశారని కౌంటర్‌లో అడిగితే వినిపించేది ఒకటే: "సిస్టమ్‌లో అలా చూపిస్తోందండీ, మా చేతుల్లో లేదు." ఆ మాట చెప్పే ఉద్యోగి అబద్ధమాడటం లేదు. నిజంగానే అది ఆయన చేతుల్లో లేదు. అందుకే ఎవరి చేతుల్లో ఉందో వాళ్లకు, అందరూ చదివేలా రాస్తున్నాను.

2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రమంతా సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఊళ్ల నుంచి పట్నానికి వలస వచ్చినవాళ్లు బస్సులు పట్టుకుని సొంతూళ్లకు పరుగెత్తి మరీ వివరాలు రాయించుకున్నారు. పథకాలు అందుతాయన్న నమ్మకంతోనే అలా వెళ్లారు. ఆ తర్వాత 'సమగ్ర వేదిక' వచ్చింది. వాహనాల రిజిస్ట్రేషన్, ఆస్తులు, కరెంటు, ఇలా వేర్వేరు శాఖల దగ్గరున్న రికార్డులను కలిపి, ఒక మనిషి గురించి ప్రభుత్వానికి తెలిసినదంతా ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్ అది. ఆహార భద్రత కార్డుకు, అంటే రేషన్ కార్డుకు, ఎవరు అర్హులో, ఎవరు కారో తేల్చడానికి దాన్ని వాడారు.

2014 నుంచి 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షల 60 వేలకు పైగా కార్డులు రద్దయ్యాయి. కొత్తగా పెట్టుకున్న 1,42,086 దరఖాస్తులను తిరస్కరించారు. వీళ్లకు ముందస్తు నోటీసు లేదు. చాలామందికి రేషన్ షాపుకు వెళ్లి ఈ-పాస్ మెషిన్ ముందు నిలబడినప్పుడే సంగతి తెలిసింది. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు కారు ఉందని లెక్క తేలింది. ఆ కారు అలాంటి పేరే ఉన్న వేరే మనిషిది. ఆయన భార్య తమకు కారు లేదని ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పుకోవాల్సి వచ్చింది. లేని కారును లేదని ఎలా రుజువు చేయాలి? దానికి ఏ ఆఫీసులోనూ ఫారం ఉండదు.

సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన పిటిషన్‌పై 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమంది. పునఃపరిశీలన కోరుతూ 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. ఆ జులై నాటికి 2,05,734 దరఖాస్తులను పరిశీలించారు. వాటిలో 15,471 అర్హమైనవని తేలింది. ఇవి బయటివాళ్లు వేసిన అంచనాలు కావు, ప్రభుత్వ రికార్డుల్లోని లెక్కలు.

ఈ అంకెల గురించి నా వృత్తి నేర్పిన జాగ్రత్తతో రెండు మాటలు చెప్పాలి. పరిశీలించిన ప్రతి వందలో ఏడున్నర తప్పు రద్దు అని తేలింది కదా అని, అదే శాతాన్ని మొత్తం 19 లక్షలకు అంటగట్టడం సరికాదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు, పెట్టుకోనివాళ్లు ఒకే రకం మనుషులు కారు. అదే సమయంలో, దరఖాస్తు పెట్టుకోనివాళ్లంతా అనర్హులని అనుకోవడం కూడా అంతే తప్పు. అడ్డా మీద కూలికి వెళ్లే మనిషి ఒక రోజు పని మానేసి తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది. వెళ్లినా పని అవుతుందన్న నమ్మకం లేదు. చనిపోయినవాళ్లున్నారు, ఊరు మారినవాళ్లున్నారు, మళ్లీ అడగొచ్చని తెలియనివాళ్లున్నారు. ఖాయంగా చెప్పగలిగింది ఇంతవరకే: 15,471 కుటుంబాల నోటికాడి కూడు తప్పుగా లాగేశారు. ఇంటికి నలుగురు చొప్పున వేసుకున్నా 60 వేల మందికి పైనే.

సాఫ్ట్‌వేర్ ఇంతలా ఎందుకు పొరబడుతుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. అధికారులు చాలామంది దీన్ని సాంకేతిక విషయం కదా అని మా మీద వదిలేస్తారు. కానీ ఇందులో సాంకేతికం సగమే.

ఒక శాఖ రికార్డులోని లక్ష్మి, ఇంకో శాఖ రికార్డులోని లక్ష్మి ఒకరేనా అన్నది అసలు ప్రశ్న. మన పేర్లు చాలా రికార్డుల్లో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. లక్ష్మి పేరులో ఒక ఆఫీసువాళ్లు ఎక్స్ వేస్తారు, ఇంకో ఆఫీసువాళ్లు కె, ఎస్, హెచ్ వేస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క పొడి అక్షరం. మహమ్మద్ అనే పేరు ఒక రికార్డులో పూర్తిగా ఉంటుంది, ఇంకోదానిలో ఎండీ అని ఉంటుంది, మూడోదానిలో స్పెల్లింగే వేరు. పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు కొన్ని కాగితాల్లో మారుతుంది, కొన్నిటిలో మారదు. పోనీ పుట్టిన తేదీ చూద్దామంటే, పుట్టినరోజు తెలియని పాతతరం వాళ్లకు ఆధార్‌లో జనవరి 1 అని వేశారు. చిరునామా చూద్దామంటే బస్తీల్లో ఇంటి నంబర్లే సరిగ్గా ఉండవు.

అందుకని సాఫ్ట్‌వేర్ పేర్లు అచ్చంగా ఒకేలా ఉండాలని పట్టుబట్టదు, ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి స్కోరు వేస్తుంది. స్కోరు ఒక గీత దాటితే ఇద్దరూ ఒకరే అంటుంది. గీత కిందికి దించితే సంబంధం లేని ఇద్దరు ఒకరైపోతారు. పైకి జరిపితే నిజంగా ఒకరైనవాళ్లు ఇద్దరుగా మిగిలిపోతారు. ఏ గీత పెట్టినా ఏదో ఒక తప్పు జరుగుతుంది. ఈ పని చేసే ప్రతి ఇంజినీరుకూ ఇది తెలుసు.

ఆ గీత ఎక్కడ పెట్టాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు. సినిమా సిఫార్సు చేసే యాప్‌లో పొరపాటు జరిగితే ఎవరికీ నష్టం లేదు. రేషన్‌లో ఒక అనర్హుడికి బియ్యం వెళితే ప్రభుత్వానికి నెలకు కొన్ని కిలోలు పోతాయి. ఒక అర్హుడికి ఆగితే ఆ ఇంట్లో పొయ్యి మీదికి ఎసరు ఎక్కదు. ఈ రెండు తప్పులను సమానంగా తూచకూడదు. ఏ తప్పును ఎంతవరకు భరించాలన్నది ప్రజలకు జవాబుదారీగా ఉన్నవాళ్లు బహిరంగంగా తీసుకోవాల్సిన నిర్ణయం. ఇవాళ అది ఏదో కంపెనీ సెట్టింగుల్లో ఒక అంకెగా కూర్చుని ఉంది. ఆ అంకె ఎంతో, ఎవరు పెట్టారో, మన ఊళ్లలో ఎక్కడైనా పరీక్షించి చూశారో లేదో ప్రజలకు తెలియదు.

సరిగ్గా కలిపిన రికార్డు కూడా తప్పు చెప్పొచ్చు. కారు అమ్మేసినా ఆర్‌సీ మార్చుకోనివాళ్లు ఎందరో. ఒకే కరెంటు మీటరు మీద మూడు కుటుంబాలు అద్దెకుంటాయి. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో పథకాల అర్హత తేల్చడానికి గ్రామ, వార్డు సచివాలయాల ద్వారా జరిగిన ఆరు దశల పరిశీలనలో, నెలకు సగటున 300 యూనిట్లు దాటితే అనర్హులన్న కరెంటు పరిమితి అలాగే ఇబ్బంది పెట్టింది. ఆ పరిశీలనలో బతుకుతెరువు కోసం కొన్న టాక్సీని, ఆటోను, ట్రాక్టరును నాలుగు చక్రాల వాహనాల లెక్క నుంచి మినహాయించారు. చిన్న నియమమే, కానీ డ్రైవర్ల కుటుంబాలను కాపాడింది. అలాంటి ఆలోచన మనుషులు చేయాలి, సాఫ్ట్‌వేర్ దానంతటది చేయదు.

ఇక కార్డు పోయిన ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి.

1. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోల బియ్యం పోతాయి. బయట కిలో 50 రూపాయలు వేసుకున్నా 1,200 రూపాయలు. ఇళ్లలో పాచిపని చేసుకునే ఒంటరి తల్లి నెల సంపాదనలో అది ఎంత భాగమో మీరే లెక్కేయండి. అలాంటి ఇళ్లలో ముందు తగ్గేవి పప్పు, గుడ్లు, పాలు. తర్వాత పిల్లల ట్యూషన్ ఆగుతుంది.

2. తెలంగాణలో రేషన్ కార్డు బియ్యంతో ఆగదు. ఆరోగ్యశ్రీకి ఏళ్ల తరబడి అదే ఆధారంగా ఉంటూ వచ్చింది. 500 రూపాయల గ్యాస్ సిలిండర్‌కు, 200 యూనిట్ల ఉచిత కరెంటుకు అదే కావాలి. 2024లో రెండు లక్షల రైతు రుణమాఫీ చేసినప్పుడు కుటుంబం ఎవరో తేల్చడానికి రేషన్ కార్డునే చూశారు, కార్డు లేని రైతులు బ్యాంకుకూ వ్యవసాయ అధికారికీ మధ్య తిరిగారు. పేరు మ్యాచింగ్‌లో ఒక్క తప్పు జరిగితే ఇన్ని తలుపులు ఒకేసారి మూసుకుపోతాయి. గుండెనొప్పితో మనిషి ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు, కార్డు రద్దయిన సంగతి అక్కడి కౌంటర్‌లో తెలియడం కంటే ఘోరం ఏముంటుంది?

3. ఏళ్ల తర్వాత కార్డు తిరిగొచ్చినా, ఆ ఏళ్ల బియ్యం తిరిగి రావు. ఆ మధ్యలో కరోనా కూడా వచ్చి వెళ్లింది.

4. అనుమానం మోయడం ఇంకో శిక్ష. "వాళ్లకు కారుందట" అన్న మాట బస్తీలో పాకుతుంది. అబద్ధం చెప్పి బియ్యం తీసుకున్నారని ఇరుగుపొరుగు చూసే చూపు తట్టుకోలేక అడగడమే మానేసినవాళ్లున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. తప్పు చేసింది యంత్రం, తలదించుకున్నది ఆ కుటుంబం.

5. భారం ఎప్పుడూ తక్కువ చదువుకున్నవాళ్ల మీదే పడుతుంది. మీసేవలో డబ్బు కట్టాలి, జిరాక్సులు తీయాలి, అఫిడవిట్ రాయించాలి, ప్రజావాణిలో నిలబడాలి. తప్పు చేసినవాళ్లకు ఈ తిప్పలేవీ ఉండవు.

బోగస్ కార్డులు లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. ఒకే ఇంటికి రెండు కార్డులు, చనిపోయినవాళ్ల పేర్ల మీద బియ్యం, ఇవన్నీ చూసినవాళ్లమే. వాటిని కనిపెట్టడానికి కంప్యూటర్ వాడటాన్ని నేను వ్యతిరేకించడం లేదు. నాకు అన్నం పెట్టేదే ఆ పని. సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఒక అనుమానం మాత్రమే. ఆ అనుమానం పట్టుకుని రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్‌ఐ) ఇంటికి వెళ్లి చూడాలి, మనిషితో మాట్లాడాలి, ఆ తర్వాత నిర్ణయం తీసుకోవాలి. ముందు కోసేసి, ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లను తర్వాత విచారించడం తలకిందుల పద్ధతి. దాన్ని సరిచేయమనే ఈ లేఖ.

బయటి అనుభవమూ ఇదే చెబుతోంది. నెదర్లాండ్స్‌లో పన్నుల శాఖ పిల్లల సంరక్షణ సబ్సిడీలో మోసాలు పట్టుకుంటామని వేలాది తల్లిదండ్రులను తప్పుగా దోషులను చేసింది. ఎవరిని అనుమానించాలో చెప్పే సాఫ్ట్‌వేర్ జాతీయతను కూడా ఒక అంశంగా తీసుకుంది. 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. ఆస్ట్రేలియాలో కంప్యూటర్ లెక్కగట్టిన అప్పులను సంక్షేమ పింఛన్లు తీసుకునేవాళ్ల మీద మోపారు, అది చట్టవిరుద్ధమని తేలింది, 2023లో రాయల్ కమిషన్ నివేదిక దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. రెండు చోట్లా రుజువు చేసుకునే బరువును ప్రభుత్వం మీద కాకుండా పేదవాడి మీద పెట్టారు. మన దగ్గర పోయింది అన్నం.

చట్టం కూడా జనం వైపే ఉంది. సమాచార హక్కు చట్టం 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం, పాలనాపరమైన నిర్ణయానికి కారణాలను దాని వల్ల ప్రభావితమయ్యే వ్యక్తికి చెప్పాల్సిన బాధ్యత కార్యాలయానిదే. అడిగితేనే చెప్పాలని లేదు. జాతీయ ఆహార భద్రత చట్టం 2013లో జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉన్నారు, రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది, హక్కున్న ధాన్యం అందకపోతే ఆహార భద్రత భత్యం ఇవ్వాలని సెక్షన్ 8 ఉంది. బస్తీలో వీటి పేరు విన్నవాళ్లు నాకు కనిపించలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. సబ్సిడీల కోసం ప్రభుత్వం విడిగా సమ్మతి అడగకుండానే డేటా వాడుకోవచ్చని అది అంటుంది. తప్పులు సరిదిద్దించుకునే హక్కునేమో సమ్మతితో ఇచ్చిన డేటాకు ముడిపెట్టింది. అంటే కేంద్ర చట్టం వదిలేసిన ఖాళీని రాష్ట్రమే తన నిబంధనలతో పూడ్చాలి.

కాబట్టి మేం కోరేవి ఇవి.

1. సాఫ్ట్‌వేర్ ఫలితం ఒక్కదాని ఆధారంగా ఏ కార్డునూ రద్దు చేయకూడదు, ఏ దరఖాస్తునూ తిరస్కరించకూడదు. దీనిపై జీవో ఇవ్వండి. మిగిలిన కోరికలన్నీ దీని తర్వాతే.

2. రద్దు ప్రతిపాదన ఉంటే ముందుగా తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో నోటీసు ఇవ్వండి. ఏ శాఖ రికార్డు, ఏ వాహనం నంబరు, ఏ మీటరు, ఏ సర్వే నంబరు వల్ల అనుమానం వచ్చిందో అందులో రాయండి. "అనర్హులు" అన్న ఒక్క ముక్క చాలదు. సమాధానానికి కనీసం 30 రోజులు ఇవ్వండి, విచారణ ముగిసేదాకా బియ్యం ఆపకండి.

3. రుజువు చేసే బాధ్యత శాఖదే కావాలి. కారు ఉందని మీరంటే ఆ కారు ఆ మనిషిదేనని మీరే చూపించండి.

4. 2022లో మొదలుపెట్టిన పునఃపరిశీలన తుది లెక్కలను జిల్లాలవారీగా బయటపెట్టండి. అప్పుడు దరఖాస్తు పెట్టుకోనివాళ్ల ఇళ్లకు కూడా వెళ్లి చూడండి.

5. తప్పుగా కార్డు పోగొట్టుకున్నవాళ్లకు ఆ కాలానికి భత్యం లెక్కగట్టి చెల్లించండి.

6. సమగ్ర వేదికను, దాని బదులు తెచ్చే ఏ వ్యవస్థనైనా స్వతంత్ర నిపుణులతో ఆడిట్ చేయించి నివేదిక ప్రచురించండి. ఎంతమందిని తప్పుగా కలుపుతోంది, ముస్లిం పేర్లలో, దళిత గిరిజన కుటుంబాల్లో, ఒంటరి మహిళల్లో ఆ తప్పు ఎక్కువగా ఉందా అన్నది అందులో ఉండాలి. కంపెనీ వ్యాపార రహస్యమన్న సాకు ఇక్కడ చెల్లకూడదు. ప్రజల అన్నాన్ని తేల్చే లెక్క ప్రజలకు తెలియాలి.

7. ప్రతి రేషన్ షాపు గోడ మీద జిల్లా ఫిర్యాదుల అధికారి ఫోన్ నంబరు, ఆహార కమిషన్ చిరునామా పెద్ద అక్షరాల్లో రాయించండి. దీనికి ఖర్చు కూడా లేదు.

8. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కుల సర్వే వివరాలను, పథకాల కోసం తీసుకున్న ప్రజాపాలన దరఖాస్తుల వివరాలను ఏ పనికి వాడతారో, ఏ పనికి వాడరో ముందే ప్రకటించండి. సాయం వస్తుందని ఇచ్చిన వివరాలు కోతకు ఆయుధం కాకూడదు.

తోటి ఇంజినీర్లకు కూడా కొన్ని మాటలు. మనకిచ్చే స్పెసిఫికేషన్‌లో "అనర్హులను గుర్తించాలి" అని ఉంటుంది, తప్పుగా గుర్తిస్తే ఏం చేయాలో ఉండదు. ఆ ప్రశ్న మీటింగ్‌లో మనమే అడగాలి. ఇలాంటి ప్రాజెక్టు మీ దగ్గరికొస్తే మ్యాచింగ్ కచ్చితత్వాన్ని మన ఊళ్ల నిజమైన పేర్ల మీద కొలిచి, తప్పుల శాతాన్ని రాతపూర్వకంగా ఇవ్వండి. స్కోరు మధ్యస్థంగా ఉన్నవాటిని మనిషి పరిశీలనకు పంపకుండా నేరుగా రద్దు చేసే బటన్ పెట్టమంటే ఒప్పుకోకండి. కనీసం మీ అభ్యంతరాన్ని ఈమెయిల్‌లో నమోదు చేయండి. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ నాకూ తెలుసు. అందుకే ఒక్కొక్కరుగా కాకుండా టీమ్‌గా అడగమంటున్నాను.

ఈ లేఖ ప్రతిని రాష్ట్ర ఆహార కమిషన్‌కు, బస్తీల్లో పనిచేసే సంఘాలకు పంపుతున్నాం. మాకు విడిగా జవాబు ఇవ్వనక్కర్లేదు. మొదటి కోరికకు ఒప్పుకుంటారో లేదో నెల రోజుల్లో అందరికీ తెలిసేలా ప్రకటించండి. ఒప్పుకోకపోతే ఎందుకో కారణం రాయండి. ఈలోగా నోటీసు లేకుండా కార్డు పోయినవాళ్ల వివరాలు, వాళ్ల అనుమతితో, సేకరించి కమిషన్ ముందు పెడతాం.

ఇట్లు,
ఒక డేటా ఇంజినీరు, హైదరాబాద్